వేలు లేస్తే నడవాలి

మా ఆయన మాడసామికి మేనేజరు దొర తెల్లకోటు తొడిగిన రోజు నుంచి నాకు లోకం తీరు అర్థం కావడం మానేసింది. అంతకుముందు అన్నీ అర్థమయ్యేవని కాదు. అర్థం కాకపోయినా నిద్ర మాత్రం పట్టేది.

పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం మాట ఇది. కోయంబత్తూరులో ఒక స్పిన్నింగ్ మిల్లులో ఇద్దరం పని చేసేవాళ్ళం. నేను రీలింగ్‌లో. అంటే కండెల మీది నూలును పెద్ద రీలు మీద చిలపలుగా చుట్టడం. ఆయన తోలు పని. మిల్లు మిషన్లు తిరిగే బెల్టులన్నీ ఆయన చేతి కుట్లే. మా వీధంతా తోలు పని వాళ్ళమే. ఎన్ని తరాల కిందటో మా పెద్దలు తెలుగు మాటను మూటగట్టుకుని ఈ అరవ దేశం వచ్చారు. ఊళ్ళో అరవం, మా పొయ్యి దగ్గర తెలుగు. మా రీలింగ్ మేస్త్రి పొన్నుసామి నాయుడిదీ తెలుగే. కానీ ఆయన తెలుగు వేరు, మా తెలుగు వేరు, మధ్యలో నాలుగు బారల దూరం. ఆ దూరం ఆయన కొలిచి మరీ పాటించేవాడు.

మేనేజరు దొరకు క్రికెట్టు పిచ్చి. మిల్లు వెనక మైదానం చదును చేయించి, చుట్టూ సున్నంతో గీత గీయించి, గుమాస్తాలనూ ఫిట్టర్లనూ పోగేసి ఒక జట్టు కట్టాడు. నెలకోసారి కొండ మీది టీ తోటల దొరలు దిగి వచ్చి ఆడేవారు. ఆ ఎర్రబంతి కుట్లు ఊడితే మా ఇంటికే వచ్చేది. మాడసామి దాన్ని గోళ్ళతో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, వేలితో కొట్టి చూసి కుట్టేవాడు. తోలు ఏది తగిలితే ఏ సద్దు చేస్తుందో ఆయనకు తెలుసు. చిన్నప్పటి నుంచి తోళ్ళ మధ్య పెరిగినవాడు, ఆయన చెవి ఆ పనికే పుట్టింది.

మిల్లు జట్టుకు అంపైరుగా ఉండే ముసలాయనకు కళ్ళకు పొర కమ్మింది. ఎవరిని పెట్టాలా అని దొర వెతుకుతుంటే టైమ్ ఆఫీసు గుమాస్తా సుందరమూర్తి మా ఆయన పేరు చెప్పాడు. దొర పరీక్ష పెట్టాడు. మాడసామిని అటు తిప్పి నిలబెట్టి, వెనక బంతిని ఒకసారి బ్యాటుకు, ఒకసారి కాలికట్టుకు, ఒకసారి చేతి తొడుగుకు తగిలించాడట. పన్నెండుసార్లు అడిగితే పన్నెండూ సరిగ్గా చెప్పాడు మా ఆయన. దొర పకపకా నవ్వి, తన చేతులతో ఆ తెల్లకోటు తొడిగాడు. మోకాళ్ళ దాకా వచ్చింది. ఇంట్లోనే పెట్టుకో, ఇక నీదే అన్నాడు.

ఇక్కడే మా వీధి వాళ్ళు పొరబడ్డారు. మా కట్టు ఒకటుంది. వీధి పెద్ద తీర్పు చెప్పేటప్పుడు ఎడమ భుజం మీద తెల్ల తుండు వేసుకుంటాడు. ఆ తుండు ఎవరి భుజాన వేస్తే ఆయనే పెద్ద, చచ్చేదాకా పెద్దే, తింటున్నా పడుకున్నా పెద్దే. అలాంటిది దొర తన చేతులతో కోటే తొడిగాడంటే మాడసామిని మిల్లు మొత్తానికి పెద్దను చేసినట్టే అనుకున్నారు. మా వీధి పెద్ద ముని తాత వచ్చి కోటును తడిమి చూసి, "తుండుకు చేతులు కుట్టినారు. అంతే భేదం" అన్నాడు. మరుసటి వారం నుంచి మేక పోయిందని ఒకరు, మొగుడు కొట్టాడని ఒకరు మా గుమ్మం ఎక్కారు. మా ఆయన నవ్వి పంపేసేవాడు. నేను మాత్రం, ఎందుకు దాచాలి, గుమ్మంలో కాస్త నిటారుగానే నిలబడేదాన్ని.

మొదటి ఆటకు నేనూ వెళ్ళి సున్నం గీత అవతల నిలబడ్డాను. దొర బ్యాటు పట్టి నిలుచున్నాడు. బంతి వచ్చింది, వెనకవాడి చేతిలో పడింది. తోట దొరలంతా మా ఆయన వైపు తిరిగి ఏదో అరిచారు. నాకేమీ వినిపించలేదు. పక్కనున్న సుందరమూర్తికీ వినిపించలేదు. మాడసామి తల కాస్త వంచి, చూపుడు వేలు పైకెత్తాడు.

కూడు పెట్టే దొర మీదికే వేలెత్తాడీయన, ఇక మా పని అయిపోయిందనుకున్నాను. దొర మాత్రం టోపీ అంచు తాకి, బ్యాటు చంకన పెట్టుకుని, తలొంచుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆట అయ్యాక వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. మేస్త్రి పొన్నుసామి దొర చేతిని, మా ఆయన చేతిని మార్చి మార్చి చూశాడు. అదే దొర టీ డేరాలోకి వెళ్తే మా ఆయన డేరా బయట ఎండలో నిలబడి వేరే గ్లాసులో టీ తాగాడు. చెయ్యి కలిపితే రాని మైల కప్పు కలిపితే వస్తుందా అని నేను సుందరమూర్తిని అడిగాను.

ఆయన వేరే పాఠం ఎత్తుకున్నాడు. "అమ్మా, వాళ్ళ దేశంలో బళ్ళో పిల్లోళ్ళకి అక్షరం కంటే ముందు ఈ ఆట నేర్పుతారు. వేలు లేస్తే నడవాల. తప్పుగా లేచినా నడవాల. మొహం మార్చకూడదు. రాజయినా అంతే. ఇట్లా ఆడి ఆడి గట్టిపడినోళ్ళు కాబట్టే ఇన్ని దేశాలు ఏలుతా ఉండారు."

"ఆ దేశాలోళ్ళు వేలెత్తితే నడిచిపోతారా?" అన్నాను.

సుందరమూర్తి చుట్టూ చూసి, "నీకి నోరు ఎక్కువ" అన్నాడు. ఆ మాట నిజమే.

తర్వాత మూడు వారాలకు నా మీదికి వచ్చింది గ్రహచారం. పొన్నుసామి మేస్త్రికి భుజం మీద జరీ అంచు తుండు ఒకటి ఉండేది. రీళ్ళు తిరుగుతుంటే అటూ ఇటూ ఊపుకుంటూ నడిచేవాడు. ఆ రోజు నా రీలు పక్కన వంగి ఎవరినో తిడుతుంటే తుండు చివర రీలులో చిక్కింది. వదిలేస్తే పోయేది. జరీ తుండాయె, వదలబుద్ధి కాలేదు, రెండు చేతులా పట్టి లాగాడు. నలభై చిలపలు తెగి, చిక్కు పడి, నూనెలో పొర్లాయి. రీలింగ్ మొత్తం నవ్వింది. తలుపు దగ్గర నిలబడి మేనేజరు దొర కూడా చూశాడు. చూసి నవ్వాడు కూడా. ఆ నవ్వు నేను ఈ కళ్ళతో చూశాను.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మేస్త్రి నా రీలును తిట్టాడు, తర్వాత నన్ను తిట్టాడు. నేను ఒళ్ళు తెలియకుండా పని చేసి నూలు పాడు చేశానని సాయంత్రానికి కాగితం రాశాడు. పొద్దున మిల్లు సంగు, అంటే సైరను, కూసినప్పుడు అందరితో పాటు నేనూ గేటు దగ్గరికి పోతే నా పేరు పిలవలేదు. కాగితం మీద దొర సంతకం ఉందట. కళ్ళారా చూసిన మనిషి సంతకం.

నేను ఏడ్చాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు, వీధి అంతా వినేటట్టు ఏడ్చాను. ఉడుమలైపేటలో నేను పుట్టినింట్లో ఆడవాళ్ళు ఇంకొకరి పొలాల్లోనే బతికారు. సంగు వింటే లేచి, నా పేరు పిలిస్తే లోపలికి వెళ్ళే బతుకు నాకొక్కదానికే దొరికింది. అది పోతే నేను మళ్ళీ ఎవరి పొలం గట్టునో నిలబడాలి.

వచ్చే శనివారం మళ్ళీ ఆట. గురువారం సుందరమూర్తి మా ఇంటికి వచ్చాడు. మంచివాడే, మా మేలు కోరే వచ్చాడు. గడప బయటే నిలబడి మా ఆయనతో మెల్లగా అన్నాడు. "మాడసామీ, ఈసారి తోట దొరల మీద గెలవాలని మన దొరకు శానా ఆశ. ఆయన మనసు చల్లగా ఉంటే సోమవారం నీ పెండ్లాం పేరు పిలిపించేది నా పొరుప్పు, నా పూచీ. నువ్వేమీ చెయ్యబల్లేదు. వేలు ఒకటి కిందనే ఉంటే సాలు."

"దొర పంపినాడా?" అని అడిగాడు మా ఆయన.

"అయ్యో, దొరకు తెలిస్తే నన్ను కొడతాడు. ఇది నేనే ఆలోచన చేసింది."

ఆయన పోయాక మాడసామి కోటు తీసి మడిచి ముని తాత ఇంటికి బయల్దేరాడు. మా కట్టులో ఇంకో సంగతి కూడా ఉంది. తీర్పు తన ఇంటికి తగిలేదైతే పెద్ద ఆ తుండు తీసి ఇంకొకరి భుజాన వేసి, తాను పోయి అందరి మధ్యా కూర్చోవాలి. ఎంతటి పెద్దకైనా అంతే.

నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "యాడికి మామా?"

"సొంత ఇంటి సంగతి వచ్చేసింది రక్కూ. కోటు ఇంకొకరికి ఇయ్యాల."

"అది మన పంచాయత్తుకు. వాళ్ళ ఆటకు మన కట్టు ఎందుకు? ఒక పూట వేలు దించి పెట్టుకుంటే నీది ఏం పోతుంది?"

ఆయన చాలాసేపు కోటు వైపే చూశాడు. నేను జరగలేదు. చివరికి దాన్ని మళ్ళీ కొయ్యకు తగిలించాడు. ఆ పాపంలో పెద్ద పాలు నాదే. ఇప్పుడు చెప్పుకుంటే మాత్రం ఏం లాభం.

శనివారం వచ్చింది. మన జట్టులో ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, చివరి జోడీలో దొర మిగిలాడు. గెలుపు అందేంత దగ్గరలో ఉంది. కొండ నుంచి వచ్చిన వాళ్ళలో పొడుగాటి దొర పరుగెత్తుకొచ్చి బంతి వేశాడు. వెనకవాడు పట్టుకున్నాడు. అందరూ మా ఆయన వైపు తిరిగి అరిచారు.

నాకు ఈసారి కూడా ఏమీ వినిపించలేదు. కానీ నేను చూసింది బంతిని కాదు, మా ఆయన చెవిని. ఆయనకు వినిపించిందని నాకు తెలిసిపోయింది. పన్నెండేళ్ళు ఒకే కంచంలో తిన్న మనిషి, తెలియదా. ఆయన చెయ్యి కోటు జేబులోనే ఉండిపోయింది. తల అడ్డంగా ఊపాడు. వేలు లేవలేదు.

హమ్మయ్య అనుకున్నాను. సోమవారం సంగు అప్పుడే నా చెవిలో కూసినట్టనిపించింది.

అంతలో దొర కదిలాడు. టోపీ అంచు తాకాడు. బ్యాటు చంకన పెట్టుకున్నాడు. నడక మొదలుపెట్టాడు. ఎవరూ అతన్ని పొమ్మనలేదు. బంతి తన బ్యాటుకు తగిలిందని తనే ఒప్పుకుని, గెలిచే ఆటను వదిలేసి వెళ్ళిపోతున్నాడు. తోట దొరలు చప్పట్లు కొట్టారు. వాళ్ళ దొరసానులు డేరాలో లేచి నిలబడి కొట్టారు. సుందరమూర్తి కళ్ళ నీళ్ళు పెట్టుకుని కొట్టాడు. మైదానం మధ్యలో మా ఆయన ఒక్కడే, ఒంటి మీద తెల్లకోటుతో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు. నా మొగుడి అబద్ధం అక్కర్లేదన్న మనిషికి అందరూ దండం పెడుతున్నారు. అబద్ధం ఆడినవాడి వైపు చూసినవాళ్ళు లేరు.

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కోపం, సున్నం గీత దాటి లోపలికి వెళ్ళాను. దొరకు ఎదురు నిలబడ్డాను. అతనికి మిల్లు మాటలు కొన్ని తెలుసు, తెలియనివి చెప్పడానికి సుందరమూర్తి పరుగెత్తి వచ్చాడు.

"దొరా, బంతి తగిలింది ఎవురూ చూడల్యా. మీరే ఒప్పుకుంటిరి. ఆ పొద్దు మేస్త్రి తుండు రీలులో చిక్కింది. తలుపు కాడ నిలిచి మీరు చూస్తిరి, నవ్వితిరి. అది ఎందుకు ఒప్పుకోరు?"

సుందరమూర్తి ఎంత చెప్పాడో, ఎంత మింగాడో నాకు తెలియదు. దొర మొహం మాత్రం చెవుల దాకా ఎర్రబడింది. ఇంగ్లీషులో రెండు ముక్కలు అన్నాడు.

"ఇది ఆట, అది మిల్లు అంటా ఉండారు" అని సుందరమూర్తి చెప్పాడు. తర్వాత తన మాటగా, "మేస్త్రి మాట దొరే కాదంటే రేపు మేస్త్రి మాట ఎవురు వింటారమ్మా" అన్నాడు. నన్ను మెల్లగా గీత దాటించి వదిలాడు.

ఆ రాత్రి మా ఆయన అన్నం ముట్టలేదు. కోటు తీసి మూలకు విసిరాడు. "వినిపించె రక్కూ. బాగా వినిపించె. వినిపించిందని తెలిసే లేదంటిని. ఇంక ఈ చెవిని నేను నమ్మను" అన్నాడు. మరుసటి రోజు ఇంట్లో బెల్టు కుడుతూ సద్దు చూడటానికి తట్టలేదు. ఏ తోలు ముక్కనూ చెవి దగ్గర పెట్టుకోలేదు. నా పని పోయిందని ఏడ్చినదాన్ని, ఈ మనిషి చెవిని నేనే పోగొట్టానని తెలిశాక నాకు ఏడుపు కూడా రాలేదు. దొర మీద ఉన్న కోపంలో సగం నా మీదికి తిరిగింది.

ఆదివారం కోటు ఉతికి ఆరేశాను, తిరిగి ఇచ్చేద్దామనే. సోమవారం తెల్లవారుజామున దాన్ని మడుస్తూ మడుస్తూ ఏమనిపించిందో, చీర మీదనే తొడుక్కున్నాను. వెళ్ళి మిల్లు గేటు ముందు నిలబడ్డాను. నన్ను చూసి వాచ్‌మెన్ నవ్వాడు, పనికి వచ్చినవాళ్ళు నవ్వారు, పొన్నుసామి మేస్త్రి, "ఏం పిల్లా, నాటకంలో వేషమా?" అన్నాడు. సంగు కూసింది. దొర కారు వచ్చింది. నేను దారికి అడ్డం వెళ్ళి చూపుడు వేలు పైకెత్తాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. నేను జరగలేదు. అద్దం వెనక దొర నా వేలి వైపు చూశాడు, కోటు వైపు చూశాడు. మొన్నటిలాగే చెవుల దాకా ఎర్రబడ్డాడు. నన్ను లాగేయమంటాడని అందరూ చూస్తున్నారు. తలుపు తెరుచుకుంది. దొర కారు దిగాడు. టోపీ అంచు తాకి, నా పక్క నుంచి గేటు దాటి, ఆఫీసు దాకా తలొంచుకుని నడిచి వెళ్ళాడు.

ఎవరూ నవ్వలేదు. నాకూ ఏం చెయ్యాలో తోచలేదు. నన్ను పేరు పెట్టి పిలుస్తారేమో అని కాసేపు చూశాను. పిలవలేదు.

మంగళవారం మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ దిగి నడిచాడు. బుధవారమూ అంతే. రీలింగ్ ఆడవాళ్ళు దాన్ని చూడటానికే ముందుగా రావడం మొదలుపెట్టారు. కాళియమ్మాళ్ అనే నా జోడీది, "అక్కా, దొరకు అది ఏదో సీకు. డాక్టరుకు చూపించాల" అంది. తప్పు ఒప్పుకునే నడుస్తున్నాడా? ఒప్పుకుంటే నన్ను లోపలికి ఎందుకు పిలవడు? ఒప్పుకోకపోతే ఎందుకు నడుస్తున్నాడు? రెండింట్లో ఒకటి తెలిస్తే తిట్టడమో దండం పెట్టడమో చేసేదాన్ని.

ముని తాతను అడిగాను. ఆయన చుట్ట ఆర్పి చెప్పాడు. "దాంట్లో వింత ఏముంది పాపా. వేలు చూస్తే నడవాల. అది వాళ్ళ కులం కట్టు. మీరితే వాళ్ళలో వాళ్ళకి మొహం ఉండదు."

"మరి నా పని?"

"నీకి పని ఇయ్యాలని వాళ్ళ కట్టులో యాడ ఉండాది?"

అలా పదకొండు పొద్దులు నేను వేలెత్తాను, పదకొండు పొద్దులు దొర నడిచాడు. ఒకరోజు వాన కురుస్తుంటే గొడుగు కూడా లేకుండా నడిచాడు. ఆ రోజు, చెప్తే నమ్మరు, నాకు జాలి వేసింది. వేలు దించుదామా అనిపించింది. నా పేరు గుర్తొచ్చి దించలేదు.

పన్నెండో రోజు మా ఆయన కూడా నాతో వచ్చాడు. ఎందుకని అడగలేదు. ఇద్దరం గేటు ముందు నిలబడ్డాం. సంగు కూసింది, అందరూ లోపలికి వెళ్ళిపోయారు, కారు రాలేదు. నేను వేలెత్తే ఉంచాను. రోడ్డు ఖాళీగా ఉంది. చెయ్యి లాగుతోంది.

మాడసామి తల కాస్త వంచాడు. ఆ వంపు చూసి ఎన్నాళ్ళయిందో. మిల్లు వెనక వైపు, మైదానం పక్క నుంచి వచ్చే సద్దు వింటున్నాడు.

"వెనక్కాల గోడ పగలగొట్టినారు రక్కూ. కొత్త ఇనప గేటు పెట్టినారు. కారు అట్లా పోయింది" అన్నాడు. నా వైపు తిరిగి, "నాకి బాగా వినిపించె" అన్నాడు.

నా ఒక్కదాని కోసం ఉన్న గేటు తీయలేని మిల్లు, నా వేలు తప్పించుకోవడానికి గోడ పగలగొట్టి ఇంకో గేటు పెట్టుకుంది. నేను ఆ మిల్లులోకి మళ్ళీ అడుగుపెట్టలేదు. మా ఆయన పక్కన కూర్చుని తోలు కుట్టడం నేర్చుకున్నాను. కోటు తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఆ ఆట లెక్కలో నేను గెలిచినట్టా, ఓడినట్టా అని సుందరమూర్తిని చాలాసార్లు అడిగాను. పాపం, ఆయనకూ తెలియదు.